మాన్యువల్స్‌కి ఏ వెర్షన్ కంట్రోల్ పెట్టుకోవాలె? ఫైనల్_ఫైనల్ తోని పరేషాన్ అయితాంది

స్టార్టర్_పోరడు:

అందరికి నమస్తే. పోస్ట్ జర పొడుగైతది, ఓపిక పట్టుండ్రి.

మాది హన్మకొండ దగ్గర చిన్న కంపెనీ, బోరు మోటార్లకు త్రీ ఫేజ్ స్టార్టర్ ప్యానెల్లు చేస్తం. ఒక్కో ప్యానెల్ తోని ఒక బుక్‌లెట్ పోతది, తెలుగు ఇంగ్లీష్ రెండిట్ల. ఎట్ల బిగించాలె, కనెక్షన్ డయాగ్రం, ఓవర్‌లోడ్ రిలే ఎంత మీద పెట్టాలె, డ్రై రన్ సెన్సార్ వైర్లు ఏడ కలపాలె, ఒక ఫేజ్ పోతే ఏ లైట్ వెలుగుతది ఇవన్ని అండ్ల ఉంటయ్. రాసేది నేనే. చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా, చేసేది రాత పని, మా ఇంట్ల ఇప్పటికి సుత నేనేం పని చేస్తనో ఎవలకు సమజ్ కాలే.

ఇగ అసలు ముచ్చట. మొన్న ఎండాకాలం ముంగట వెయ్యి బుక్‌లెట్లు ప్రింట్ కొట్టించినం. ప్రెస్ కి పోయింది పాత ఫైల్. కొత్త బోర్డుల డ్రై రన్ సెన్సార్ 9, 10 టెర్మినల్స్ కి మారింది, బుక్‌లెట్ల 7, 8 అనే ఉంది. పరకాల దిక్కు నుంచి ఒక ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసి "తమ్మీ, మీ పుస్తకం ఒకటి చెప్తాంది మీ డబ్బా ఒకటి చెప్తాంది, నేను దేని మాట ఇనాలె" అన్నడు. బోర్ల నీళ్లు నిండుగున్నయ్, ప్యానెల్ మాత్రం నీళ్లు లేవని ఊకె ట్రిప్ అయితాంది. మోటార్ కాలలే అది మా అదృష్టం. స్టాక్ల మిగిలిన ఆరు వందల బుక్‌లెట్లకు నేను, మా డీటీపీ అన్న ఇద్దరం కింద కూసోని చిన్న చిన్న స్టిక్కర్లు అంటించినం, రెండు రోజులు పట్టింది, ఏళ్లు జిగురు జిగురు.

ఎట్లయింది అంటే మా షేర్డ్ ఫోల్డర్ చూస్తే మీకే తెలుస్తది. మాన్యువల్_ఫైనల్, మాన్యువల్_ఫైనల్_కొత్తది, మాన్యువల్_ఫైనల్_సార్_చెప్పినంక, మాన్యువల్_ప్రింట్_ఇదే, మాన్యువల్_ప్రింట్_ఇదే_కాదు. ఆఖరిది నిజంగనే ఉంది, నేను పెట్టలే.

ఫైళ్లు ఏమేం ఉన్నయ్ అంటే ఇంగ్లీష్ వర్డ్ ల ఉంటది, తెలుగు డీటీపీ అన్న పేజ్‌మేకర్ ల చేస్తడు, డయాగ్రంలు ఇంజినీర్ల దగ్గర ఆటోక్యాడ్ ల, ఫోటోలు వేరే. పని చేసేటోళ్లం మొత్తం అయిదుగురం. గిట్ అంటున్నరు, ఎస్‌వీఎన్ అంటున్నరు, రెండు సుత ఏ ఫైల్ ఎవలు ఎప్పుడు మార్చిన్రో యాదుంచే సాఫ్ట్‌వేర్లట, ఇంకొకలు డ్రైవ్ ల పెట్టుకో చాలు అంటున్నరు. మా సార్ ఒకటే అంటడు, పైసలు అడగకు, మళ్ల స్టిక్కర్లు అంటించే పని రావొద్దు అని. ఏది పెట్టుకోవాలె?

మడికొండ_కోడర్:

గిట్ బ్రో. ఆలోచించే ముచ్చటే లేదు. 2005 నుంచి లోకమంత అటే పోయింది, నువ్వు ఇప్పుడు ఎస్‌వీఎన్ నేర్చుకుంటె రేపు ఇంకో కంపెనీకి పోయినప్పుడు ఎవడు అడుగుతడు? లైనక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్ సుత కోడ్ తో పాటు అదే రిపోల (గిట్ ఫైళ్లు, వాటి చరిత్ర దాచే గూడు) ఉంటది, ప్లెయిన్ టెక్స్ట్ ఫైళ్లు, స్ఫింక్స్ అనే టూల్ తోని వెబ్ పేజీలు, పీడీఎఫ్ బిల్డ్ అయితయ్. నువ్వు గట్లనే మార్క్‌డౌన్ ల (చిన్న గుర్తులు పెట్టి మామూలు టెక్స్ట్ ల రాసే తీరు) రాస్కో, గిట్ ల పెట్టు, ఎవలు ఏ లైన్ ఎప్పుడు మార్చిన్రో బ్లేమ్ కొడితే పేరుతో సహా చూపెడ్తది. 7, 8 ని 9, 10 చేయకుండ ప్రింట్ కి పంపింది ఎవడో నిమిషంల తెలిసేది.

స్టార్టర్_పోరడు:

ఎవడో నాకు తెల్సు అన్న, నేనే 🙂 అందుకే అడుగుతున్న. మార్క్‌డౌన్ అంటే మా ఇంజినీర్ సార్లు రాస్తరంటవా? ఆయన కరెక్షన్ ఇచ్చుడే ప్రింటౌట్ మీద ఎర్ర పెన్నుతోని, అది ఫోటో తీసి వాట్సాప్ పెడ్తడు.

కాజీపేట_జంక్షన్:

అయిదుగురికి ఇంత లొల్లి ఎందుకు, గూగుల్ డ్రైవ్ ల పెట్టుండ్రి. రైట్ క్లిక్ కొడితే పాత వెర్షన్లు అన్ని అండ్లనే ఉంటయ్. మేము గదే చేస్తం, ఇప్పటిదాంక ఏ కిరికిరి లేదు.

పాత_రైటర్:

కాజీపేట తమ్మి, నీకు ఇంకా కిరికిరి రాలే, గంతే. డ్రైవ్ ల వర్డ్ ఫైల్, పీడీఎఫ్ లాంటివి పెడితే పాత వెర్షన్లు 30 రోజులు లేకుంటే 100 వెర్షన్లు, దాని తర్వాత పోవచ్చు, ఎప్పటికి ఉంచు అని నువ్వు ఒక్కోదానికి చెప్పి పెడితే తప్ప. బోరు స్టార్టర్ పదేండ్లు నడుస్తది. పదేండ్ల తర్వాత వచ్చే ఫోన్‌కి 30 రోజుల జ్ఞాపకం ఏం పనికొస్తది?

ఇగ స్టార్టర్ తమ్మికి. నేను హైదరాబాద్ ల చానా ఏండ్లు టెక్నికల్ రైటర్ గ చేసిన, సీవీఎస్ తో మొదలువెట్టి ఎస్‌వీఎన్, పర్‌ఫోర్స్, గిట్ అన్నిట్ల చేయి కాల్చుకున్న, ఇప్పుడు హన్మకొండల ఇంట్ల కూసోనే పని చేస్తున్న. గిట్ మంచిదా ఎస్‌వీఎన్ మంచిదా అన్న పంచాది ముప్పావు వంతు కోడ్ రాసేటోళ్లది. మన పంచాది వేరే. పరకాల నుంచి ఆ ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసినప్పుడు నువ్వు ఆయనను మొదలు ఏం అడగాలె? "అన్నా, నీ చేతుల ఉన్న పుస్తకం ఏది" అని. ఆయన ఆఖరి పేజీ కింద ఉన్న నెంబర్ చదవాలె, నువ్వు ఆ నెంబర్ కొట్టంగనే అదే పుస్తకం, అదే డయాగ్రంతోని, నీ ముంగట తెరుచుకోవాలె. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా సరే ఇది కాకుంటే దండుగ. ఇప్పుడు మీ బుక్‌లెట్ మీద అసలు నెంబరే లేదని నా అనుమానం.

రెండోది ఫైలు ఏంది అన్నది. వర్డ్ డాక్స్ ఫైల్ ని ఒక కాపీ చేసుకొని పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడు, లోపల ఒక సంచెడు ఎక్స్ఎంఎల్ ఫైళ్లు, ఫోటోలు కనవడ్తయ్. అంటే అది మూట కట్టిన ఫైల్. నువ్వు ఒక్క అక్షరం మార్చి సేవ్ కొట్టినా మూట మొత్తం మళ్ల కట్టినట్టే లెక్క. గిట్ కి అండ్ల ఏ లైన్ మారిందో కనవడదు, బైనరీ ఫైల్స్ వేరుగ ఉన్నయ్ అని చెప్పి చేతులు దులుపుకుంటది. నలభై ఎంబీ మాన్యువల్ ఇరవై సార్లు కమిట్ చేస్తే (మార్పును గిట్ ల దాస్తే) ఎనిమిది వందల ఎంబీ దగ్గరకు పోవచ్చు, పైగ గిట్ ల ఆ చరిత్ర మొత్తం ప్రతి ఒక్కని కంప్యూటర్ ల దిగుతది. దీన్ని గిట్ తప్పు అనలేం. బిట్‌కీపర్ ఫ్రీగ ఇచ్చుడు బందు చేస్తే లైనస్ టోర్వాల్డ్స్ కెర్నల్ కోడ్ కోసం కట్టుకున్నడు దాన్ని, వేల మంది టెక్స్ట్ ఫైళ్లు ఒకేసారి మార్చి కలుపుకునే పని కోసం. మీ దగ్గర అయిదుగురు, టెక్స్ట్ ఫైల్ ఒక్కటి లేదు.

గిట్ల మూట కట్టిన బైనరీ ఫైళ్లల్ల ఇద్దరు ఒకేసారి మార్చితే కలుపుడు అనేది లేదు. ఎవలో ఒకల పని మట్టిల కలుస్తది. అందుకే తాళం కావాలె. ఎస్‌వీఎన్ ల ఫైల్ మీద నీడ్స్-లాక్ అని ఒక ప్రాపర్టీ పెడ్తవ్. పెట్టినంక ఆ ఫైల్ అందరి కంప్యూటర్ల రీడ్ ఓన్లీ అయితది, వర్డ్ ల తెరిస్తే పైన అదే రాసి కనవడ్తది, మార్చాలంటే ముందుగాల లాక్ తీసుకోవాలె, ఒకలు తీసుకుంటే ఇంకొకలకు దొరకదు. కమిట్ కొట్టంగనే లాక్ పోతది. బస్సుల సీటు మీద దస్తి ఏసినట్టు. టార్టాయిస్ ఎస్‌వీఎన్ పెడితే విండోస్ ఫోల్డర్ లనే రైట్ క్లిక్ ల అన్ని ఉంటయ్, నల్ల తెర జోలికి పోయే పని లేదు. రెండు డాక్స్ ఫైళ్లకు డిఫ్ కొడితే అది వర్డ్ ల ఉన్న కంపేర్ నే తెరిచి ఏం మారిందో ఎర్రగ చూపెడ్తది, ఇది చానా మందికి తెల్వదు.

ఇంకో ముచ్చట, ఎస్‌వీఎన్ ల రివిజన్ నెంబర్ మామూలు లెక్క, 411 తర్వాత 412. పుస్తకం ఆఖరి పేజీల "రివిజన్ 412" అని ఏస్తే పరకాల అన్న ఫోన్ ల చదువుతడు. గిట్ ల ఆ జాగల నలభై అక్షరాల హ్యాష్ ఉంటది, చిన్నగ చేసినా ఏడు అక్షరాలు, అండ్ల బీ నా డీ నా అని ఫోన్ ల పంచాది. ట్యాగ్ (ఆ వెర్షన్ కి మనం పెట్టే పేరు) పెట్టుకుంటే ఆ బాధ పోతది, కాదనను, కాకపోతే ట్యాగ్ పెట్టుడు యాదికుండాలె.

మడికొండ_కోడర్:

కాక మీరు చెప్పింది ఒప్పుకుంట కానీ సగమే. గిట్ కి ఎల్ఎఫ్ఎస్ ఉన్నది కద, పెద్ద ఫైళ్లు సర్వర్ ల పక్కకు పెడ్తది, రిపోల చిన్న చిట్టి ఒక్కటే ఉంటది, అండ్ల లాక్ సుత ఉంది. ఎస్‌వీఎన్ ల నెట్ లేకుంటె కమిట్ చేయరాదు, సర్వర్ డిస్క్ పోయిందా చరిత్ర మొత్తం గాయబ్. గిట్ ల అందరి దగ్గర కాపీ ఉంటది, అదే బ్యాకప్.

పాత_రైటర్:

ఎల్ఎఫ్ఎస్ పెట్టినంక ఆ పెద్ద ఫైళ్ల పాత వెర్షన్లు అందరి దగ్గర ఉండయ్ కొడుకా, సర్వర్ లనే ఉంటయ్. అంటే నువ్వు చెప్పిన బ్యాకప్ సగం అక్కడ్నే పోయింది. లాక్ ఉంది, నిజమే, కానీ ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్ చేసుడు ఒకలు మర్చిపోయిన్రనుకో, ఫైల్ తెరిస్తే మాన్యువల్ బదులు మూడు లైన్ల చిట్టి కనవడ్తది. డీటీపీ అన్న ఫోన్ చేసి "నా పుస్తకం ఏడ పోయింది" అంటడు, నేను చూసిన గిది. డిస్క్ పోతే అన్నది మాత్రం వంద శాతం కరెక్ట్, దానికి ఎస్‌వీఎన్ అడ్మిన్ హాట్‌కాపీ అని ఒక కమాండ్ ఉంటది, రోజు రాత్రి నడిచేటట్టు పెట్టి బయటి డిస్క్ మీదికి తీయాలె, ఆ డిస్క్ వారానికి ఒకసారి ఆఫీస్ ల నుంచి ఇంటికి తీస్కపోవాలె. యూపీఎస్ లేకుండ సర్వర్ పెట్టకు, ఎండాకాలం మన దగ్గర కరెంట్ సంగతి స్టార్టర్లు అమ్మేటోనికి నేను చెప్పాల్నా.

పర్‌ఫోర్స్ సుత ఉంది, అయిదుగురి దాంక ఫ్రీ. పెద్ద పెద్ద బైనరీ ఫైళ్లకు దానంత గట్టిది లేదు, గేమ్ కంపెనీలు దాన్నే వాడ్తయ్. కానీ ఆరో మనిషి చేరంగనే మీ సార్ కి బిల్లు చూపెట్టాలె. మీరు ఇప్పుడే అయిదుగురు.

డీటీపీ_అక్క:

తమ్ముళ్లూ నేను వరంగల్ ల డీటీపీ సెంటర్ నడిపిస్తున్న, మీరందరు పేజ్‌మేకర్ పక్కకు పోయిండ్రు, అసలు గుండం ఆడ ఉంది.

పేజ్‌మేకర్ కి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకు ఒకే నెంబర్ల పద్ధతి) రాదు. అందుకే మేము అను ఫాంట్లల్ల కొడ్తం. అను ల కొట్టిన తెలుగు అంటే తెరమీదనే తెలుగు, లోపల ఇంగ్లీష్ గుర్తులు. ఆ మ్యాటర్ తీసి నోట్‌ప్యాడ్ ల పెడితే పిచ్చి గీతలు కనవడ్తయ్. కాబట్టి మీ గిట్ అయినా ఎస్‌వీఎన్ అయినా తెలుగు పుస్తకంల ఏం మారిందో మీకు చెప్పలేదు, "ఫైల్ మారింది" అని మాత్రం చెప్తది. అది నాకు సుత తెల్సు, తారీఖు చూస్తే.

నా దగ్గరికి ఒకాయన గిట్లనే ఒక మిషన్ పుస్తకం తెచ్చి "పోయిన సారిదే అక్క, ఒక్క పేజీ మార్చు" అన్నడు. పోయిన సారిది అంటే ఏది? నా దగ్గర మూడు ఉన్నయ్. ఒక్కటి ప్రెస్ కి పోయింది, ఒక్కటి ప్రెస్ కి పోయినంక ఫోన్ల చెప్పిన తప్పు దిద్దింది, ఒక్కటి ఆయన బామ్మర్ది వచ్చి మార్పిచ్చుకొని పోయింది. ఆ రోజు నుంచి నేను ప్రెస్ కి పోయిన పీడీఎఫ్ ని వేరే ఫోల్డర్ ల పెడ్త, ఫైల్ పేరుల తారీఖు, ప్రూఫ్ కాపీ మీద పార్టీ సంతకం, ఆ సంతకం పేజీ ఫోటో సుత అండ్లనే. మీరేం సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా సరే, ప్రింట్ కి పోయిన పీడీఎఫ్ ని సోర్స్ ఫైల్ తోని జత చేసి దాచుండ్రి. పేజ్‌మేకర్ ఫైల్ ఇంకో కంప్యూటర్ల తెరిస్తే ఫాంట్ వెర్షన్ తేడాకే వత్తులు ఎగిరిపోతయ్, పీడీఎఫ్ మాత్రం మారదు.

స్టార్టర్_పోరడు:

అక్కా గుండం అన్నవ్ చూడు, కరెక్ట్. మరి తెలుగు యూనికోడ్ కి మారితే? మా అన్న ఒప్పుకోడు, ఆయనకు అను లేఅవుట్ ఏళ్ల మీద ఉంది.

డీటీపీ_అక్క:

ఏళ్ల మీద ఉన్నదానికి బాధ లేదు, అదే కీబోర్డ్ లేఅవుట్ తోని యూనికోడ్ కొట్టే సాఫ్ట్‌వేర్లు దొరుకుతయ్, మా దగ్గర పని చేసే పిల్ల వారంల అలవాటు చేసుకుంది. పేజ్‌మేకర్ ఇడిచిపెట్టి ఇన్‌డిజైన్ కి రావాలె, అండ్ల వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేస్తేనే తెలుగు ఒత్తులు సరిగ్గ కూసుంటయ్, లేకుంటె విడిపోయి పక్కపక్కన నిలవడ్తయ్. దానికి నెలనెలా పైసలు. మీ సార్ పైసలు అడగకు అన్నడు కద, లిబ్రెఆఫీస్ ల చేసుకోండి, ఇరవై నాలుగు పేజీల బుక్‌లెట్ కి అది సరిపోతది. పెళ్లి కార్డు కాదు కద.

గోదావరిఖని_గీత:

తెలుగు యూనికోడ్ ల గిట్ వాడేటోళ్లు ఎవలన్న ఉన్నరా అంటే నేనున్న, అందుకే చెప్తున్న. నేను ఒక సాఫ్ట్‌వేర్ కి తెలుగు హెల్ప్ పేజీలు రాస్త, అన్ని మార్క్‌డౌన్ లనే, కాబట్టి నాకు గిట్ మస్తు పనికొచ్చింది, కానీ మొదటి వారం ఏడుపొక్కటే తక్కువ.

ఫైల్ పేర్లు తెలుగుల పెట్టిన. స్టేటస్ కొడితే "మాన్యువల్" అన్న ఫైల్ "\340\260\256\340\260\276" అనుకుంట లైన్ పొడుగంత నెంబర్లు. నా రిపో ఖరాబ్ అయిందనుకున్న. కాదు, తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు, గిట్ వాటిని గట్ల రాసి చూపెడ్తది, సెట్టింగ్స్ ల కోట్‌పాత్ ని ఫాల్స్ చేస్తే తెలుగే కనవడ్తది. ఆ రోజు పొద్దుగాల నుంచి మాపటిదాంక దానికే పోయింది.

దానికన్న పెద్దది ఇంకొకటి. డిఫ్ చూస్తే పాత లైన్ ఎర్రగ, కొత్త లైన్ పచ్చగ, రెండు చదివితే ఒక్క అక్షరం తేడా లేదు! నాలుగు సార్లు చదివిన, మా అక్కతోని సుత చదివిచ్చిన. ఆఖరికి తెలిసింది ఏందంటే "స్టార్టర్" లాంటి మాట చివర పొల్లు ఉంటది కద, కొన్ని కీబోర్డులు దాని తర్వాత కంటికి కనవడని ఒక జాయినర్ గుర్తు ఏస్తయ్, కొన్ని ఎయ్యయ్. నేను ఫోన్ ల దిద్దిన లైన్లకు అది పడ్డది, కంప్యూటర్ ల కొట్టినవాటికి లేదు. గట్లనే ఐత్వం సుత, ఒకే కోడ్ గ కొట్టొచ్చు, ఎత్వం దాని కింద ఇంకో గుర్తు పెట్టి రెండు కోడ్లుగ కొట్టొచ్చు, తెర మీద రెండు ఒక్కటే. గిట్ వీటిని ఒక్కటి చేయదు, బైట్లు వేరైతే వేరే అంటది. ఇప్పుడు నేను కమిట్ చేసే ముంగట ఒక చిన్న స్క్రిప్ట్ నడిపిస్త, ఐత్వాలన్ని ఒక్క తీరుగ చేస్తది, మాట చివర ఉత్తగ పడ్డ జాయినర్లు తీసేస్తది. మాట నడుమ ఉన్నవి మాత్రం తీయొద్దు, "సాఫ్ట్‌వేర్" నడుమ అది తీస్తే ఫ కింద ట, వ రెండు ఒత్తులు పడి చదవరాకుండ అయితది.

ఇంకోటి, ఒక వాక్యం ఒక లైన్ ల రాయుండ్రి. పేరా మొత్తం ఒకే లైన్ ల రాస్తే ఒక్క మాట మార్చినా పేరా అంత ఎర్రగయితది. వర్డ్-డిఫ్ అని కొడితే మాట మాట చూపెడ్తది, ఖాళీలు చూసి విడగొడ్తది కాబట్టి తెలుగుకు మంచిగనే పని చేస్తది.

దీనికి అసలు ఫలం ఏడ ఉందంటే తర్జుమాల ఉంది. ఇంగ్లీష్ ఫైల్ కి తెలుగు చేసిన రోజు ఒక ట్యాగ్ పెడ్త. రెండు నెలల తర్వాత ఆ ట్యాగ్ నుంచి ఇప్పటిదాంక డిఫ్ తీస్తే పదకొండు లైన్లు మారినయ్ అనుకో, ఆ పదకొండే తెలుగు చేస్త. అంతకుముందు రెండు వర్డ్ ఫైళ్లు పక్కపక్కన పెట్టుకొని ఏలు పెట్టి చదువుకునేదాన్ని. స్టార్టర్ అన్నా, నీకు 7, 8 ముచ్చట ఇంగ్లీష్ ల మారి తెలుగుల మారకపోతే ఎవలు పట్టుకుంటరు? తెలుగే కద రైతు చదివేది.

పాత_రైటర్:

చెల్లె చెప్పిన ఆఖరి ముచ్చట బంగారం. తమ్మి, ఆ ఒక్క కారణానికి టెక్స్ట్ కి మారొచ్చు. కానీ అన్నీ ఒకేసారి మార్చకు. పాండాక్ అని ఉంటది, డాక్స్ ని మార్క్‌డౌన్ చేస్తది, వాక్యాలు మంచిగ వస్తయ్, సెల్స్ కలిపిన టేబుల్స్ మాత్రం ఆగమాగం అయితయ్. మీ రిలే సెటింగ్ టేబుల్ ఎట్లుంటదో నాకు తెల్వదు గానీ హెచ్‌పీ కి ఎదురుగ ఆంపియర్లు, అండ్ల మూడు కాలమ్స్ కలిపి ఉంటే చేతితోనే కొట్టుకోవాలె. అదే టేబుల్ మళ్ల నువ్వూ ఇంజినీర్ ఇద్దరు కూసోని చదివి చూడాలె, ఆంపియర్ల అంకె తప్పు పోతే ఈసారి స్టిక్కర్ తోని ఆగదు.

తెలుగు పీడీఎఫ్ లేటెక్ (టెక్స్ట్ నుంచి పుస్తకం పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) తోని చేద్దామనుకుంటె పాత పీడీఎఫ్‌లేటెక్ పనికిరాదు, ఎక్స్ఈలేటెక్ వాడాలె. లేకుంటె వెబ్ పేజీ చేసి బ్రౌజర్ ల నుంచే ప్రింట్ తీస్కో, ఒత్తులు మంచిగ వస్తయ్.

ఇంకో తప్పు చేయకు, మోడల్ కి ఒక బ్రాంచ్ (ఫైళ్లకు వేరేగ నడిచే ఇంకో కాపీ) పెట్టకు. మూడు హెచ్‌పీ కి ఒకటి, అయిదుకు ఒకటి, ఏడున్నరకు ఒకటి పెడితే ఎర్తింగ్ పేజీల ఒక్క హెచ్చరిక మార్చాలంటే మూడు జాగల మార్చాలె, ఒక జాగ మర్చిపోతవ్, మర్చిపోయిన జాగనే ఫోన్ వస్తది. అందరికి కామన్ ఉన్న పేజీలు ఒకే ఫైల్ ల ఉంచి మోడల్ పుస్తకాలు దాన్ని తెచ్చుకునేటట్టు పెట్టు.

మడికొండ_కోడర్:

బ్రాంచ్ ముచ్చటల కాక కి సెల్యూట్. మా ప్రాజెక్ట్ ల కస్టమర్ కి ఒక బ్రాంచ్ పెట్టిన్రు, ఇప్పుడు పదిహేడు ఉన్నయ్, ఎవలు ముట్టుకోరు.

స్టార్టర్_పోరడు:

మళ్ల వచ్చిన. నెల దాటింది, ఏం చేసిన్నో చెప్త.

ఎస్‌వీఎన్ పెట్టినం. సర్వర్ అంటే స్టోర్ రూం ల ఉన్న పాత డెస్క్‌టాప్, యూపీఎస్ మాత్రం కొత్తది. వర్డ్, పేజ్‌మేకర్, ఆటోక్యాడ్ అన్నిటికి నీడ్స్-లాక్ పెట్టిన. షేర్డ్ ఫోల్డర్ ల 214 ఫైళ్లు ఉండె, ఏది అసలుదో తేల్చుడే పది రోజులు పట్టింది, సాఫ్ట్‌వేర్ పెట్టుడు ఒక్క పూట. ఆఖరికి ప్రింట్ అయిన పుస్తకం ముంగట పెట్టుకొని పేజీ పేజీ కలిపి చూసి ఇదే అసలుది అనుకున్నం, మిగిలినయ్ అన్ని "పాతయి" అని ఒక ఫోల్డర్ ల కుక్కి రిపో బయటనే ఉంచిన.

అక్క చెప్పినట్టు ప్రెస్ కి పోయే ప్రతి పీడీఎఫ్ కి ఒక ఫోల్డర్, అండ్ల సార్ సంతకం పెట్టిన ప్రూఫ్ ఫోటో. పుస్తకం ఆఖరి పేజీ కింద రివిజన్ నెంబర్ ఏస్తున్నం, ప్యానెల్ తలుపు లోపల అంటించే లేబుల్ మీద సుత అదే నెంబర్. ఈ లేబుల్ ఐడియా మా సార్ ది, పుస్తకం పోయినా డబ్బా ఉంటది కద అన్నడు. ఆయన ఎప్పుడన్న ఒకసారి మంచి మాట అంటడు.

గిట్ సుత మొదలు పెట్టిన, ఒక్క మోడల్ కి, ఇంగ్లీష్ ఒక్కటి మార్క్‌డౌన్ ల. నేనొక్కన్నే చూస్తున్న ఇప్పటికైతే. గీతక్క చెప్పిన స్క్రిప్ట్ తెలుగు దాంక వచ్చినప్పుడు అడుగుత.

ఇంజినీర్ సార్ ఇంకా ఎర్ర పెన్నే. నేను ఆ ఫోటోని సుత కమిట్ చేస్తున్న, మెసేజ్ ల "సార్ ఎర్ర పెన్ను, 14వ పేజీ" అని రాస్త. మొన్న ఆయననే వచ్చి "నేను ఆ రోజు ఏం చెప్పిన్నో చూపెట్టు" అన్నడు, చూపెట్టిన, ఏం మాట్లాడకుండ పోయిండు.

ఒక్క డౌట్ మిగిలింది, అందుకే మళ్ల పోస్ట్ పెట్టిన అసలు. మా డీటీపీ అన్న తెలుగు ఫైల్ మీద లాక్ తీసుకొని, కమిట్ కొట్టకుండ ఇంటోళ్లతోని మేడారం జాతరకు పోయిండు. ఫోన్ కలుస్తలేదు. నాకు రెండు లైన్లు మార్చాల్సింది ఉంది. లాక్ గుంజుకోవచ్చా?

పాత_రైటర్:

గుంజుకోవచ్చు, గెట్ లాక్ కొట్టినప్పుడు స్టీల్ ద లాక్స్ అని ఒక గడి ఉంటది, టిక్ పెడితే నీకు వస్తది. కానీ ఆయన కంప్యూటర్ ల సేవ్ చేసి కమిట్ కొట్టని పని ఎంతుందో నీకు తెల్వదు. నువ్వు మార్చి కమిట్ చేసినవనుకో, ఆయన వచ్చి కొట్టంగనే లాక్ చెల్లదు అంటది, పైగ కాన్‌ఫ్లిక్ట్, పేజ్‌మేకర్ ఫైల్ ని కలిపే తెలివి ఎవలికి లేదు, ఇద్దరిల ఒకల పని పోతది. ప్రింట్ రేపేనా?

స్టార్టర్_పోరడు:

లేదు, వచ్చే వారం.

పాత_రైటర్:

మరి ఇంకేంది, ఆ రెండు లైన్లు కాయితం మీద రాసి ఆయన మానిటర్ కి అంటించు. నీ దగ్గర స్టిక్కర్లు ఇంకా మిగిలే ఉంటయ్ కద.

స్టార్టర్_పోరడు:

😂 అంటించిన కాక. ఇప్పుడే ఫోన్ కలిసింది, ఎల్లుండి వస్తడట, కమిట్ సంగతి అడిగితే "బంగారం తెస్తున్న తమ్మీ" అని పెట్టేసిండు.